ప్రభుత్వ ధనమునకు హద్దు, పాత ఆలయములకు మరమ్మతు

(శతవార్షికోత్సవ సదస్సులో చేసిన ప్రసంగ పాఠము)



ఉదయం నుండి పెద్దలు మన అధ్యక్ష ఖండపు నూరేండ్ల సాక్ష్యాన్ని గూర్చి మాట్లాడినారు. నాకు అప్పగించిన విషయం అంత ఆత్మీయంగా వినిపించదు. సంస్కృతి, వారసత్వ కట్టడాల నిమిత్తం ప్రభుత్వం చేసే ఖర్చుకు హద్దు ఎంత ఉండవలెను, ఆ హద్దును ఎప్పుడు, ఎట్లు మార్చవలెను అన్నది నా విషయం. భోజనమైన తరువాత బడ్జెట్ మాటలు వినుట ఎవరికైనా కష్టమే. అయితే మన ఆలయాల పైకప్పులకు దీనితో సంబంధం ఉన్నది గనుక కొంచెం ఓపిక పట్టండి.

ఇది బైబిలులో లేని సంగతి అనుకొనేవారు ఎజ్రా గ్రంథం ఏడవ అధ్యాయం మరల చదవవలెను. అర్తహషస్త రాజు యెరూషలేము మందిరం నిమిత్తం నది అవతలి ఖజానాదారులకు వ్రాసిన తాకీదు అక్కడ ఉన్నది. ఎజ్రా అడిగినదెల్ల ఇయ్యవలెనని చెప్పి, వెంటనే ఆ అడుగుటకు హద్దు పెట్టినాడు. మూలభాషలోని కొలతల ప్రకారం నూరు తలాంతుల వెండి, గోధుమలు నూరు కోరులు, ద్రాక్షారసం నూరు బత్తులు, నూనె నూరు బత్తులు. ఉప్పుకు మాత్రం లెక్క లేదు. నేటి ఆర్థిక శాఖవారు పంపే ఉత్తర్వుకు, ఆ తాకీదుకు పెద్ద తేడా నాకు కనబడదు. ఏ పద్దుకు ఎంతవరకు అన్నది ముందే తేల్చి వ్రాసినాడు. వెండికి హద్దు పెట్టి ఉప్పును వదలివేయుటలో కూడ తెలివి ఉన్నది. చవకైన దానికి, మితిమీరి ఎవరూ అడగని దానికి లెక్కలు వ్రాయించుట గుమాస్తాకు పని పెంచడమే.

మరి ఎజ్రా రాజుగారి సొమ్ము పుచ్చుకొన్నాడు గాని దారిలో కాపుదలకు రాజుగారి సైనికులను అడుగుటకు సిగ్గుపడినాడు. ఆ సంగతి తరువాతి అధ్యాయంలో ఉన్నది. నెహెమ్యాకు అట్టి సంకోచం కలగలేదు, సేనాధిపతులతో గుర్రపు రౌతులతో వచ్చినాడు. ఇద్దరూ దైవజనులే. ప్రభుత్వం నుండి ఏమి తీసికొనవచ్చును, ఏమి తీసికొనరాదు అన్నది ఒకే జవాబు గల ప్రశ్న కాదని దీనివలన గ్రహించుచున్నాను.

ఇక మన దేశపు లెక్కలు. 2025-26 కేంద్ర బడ్జెట్టు మొత్తం సుమారు 50 లక్షల 65 వేల కోట్ల రూపాయలు. అందులో సాంస్కృతిక మంత్రిత్వ శాఖకు కేటాయించినది 3,360 కోట్ల చిల్లర. అనగా ప్రతి వంద రూపాయలలో ఏడు పైసలకు లోపు. ఆ ఏడు పైసలలోనే మ్యూజియంలు, గ్రంథాలయాలు, అకాడెమీలు, ఉత్సవాలు, పురావస్తు శాఖ అన్నీ బ్రతకవలెను. పురావస్తు శాఖ చేతిలో జాతీయ ప్రాముఖ్యం గల కట్టడాలు 3,600కి పైగా ఉన్నవి. రాష్ట్రాల సంగతి మరింత ఇరుకు. జీతాలు, పింఛనులు, అప్పులపై వడ్డీ చెల్లించిన తరువాత మిగిలినదే మిగతా పనులకు. లోటు రాష్ట్ర ఉత్పత్తిలో 3 శాతం దాటరాదని 2005 ప్రాంతంలో రాష్ట్రాలు చట్టాలు చేసికొన్నవి. హద్దు దగ్గరపడినప్పుడు ఆర్థిక శాఖవారి కత్తెర మొదట ఎక్కడ పడునో మీకు తెలిసినదే. జీతం ఆపితే ఉద్యోగి ఊరుకోడు. పాత గోడ ఊరుకొంటుంది. ఇరవై ఏండ్లు ఊరుకొని ఒక వర్షాకాలంలో కూలిపోతుంది.

ఈ సంగతి గ్రహించియే కాబోలు, డాక్టర్ సి. రంగరాజన్ గారి అధ్యక్షతన పన్నెండవ ఆర్థిక సంఘం 2005 నుండి 2010 వరకు అయిదేండ్లకు వారసత్వ కట్టడాల పరిరక్షణకని 625 కోట్లు రాష్ట్రాలకు విడిగా సిఫారసు చేసినది. దేశమంతటికి పంచితే అది పెద్ద మొత్తం కాదు. కాని మామూలు పద్దులలో కలపకుండా వేరుగా చూపించినందువలన ఆ సొమ్మును ఇతర పనులకు మళ్ళించుట కష్టమైనది.

హద్దు మార్చకపోతే ఏమగునో చూడవలెనంటే రాజ్యాంగంలోనే ఒక ఉదాహరణ ఉన్నది. 290-ఎ అధికరణం. తిరువాన్కూరు సంస్థానం పూర్వం దేవాలయ భూములను తనలో కలుపుకొన్నందుకు బదులుగా ఏటేట సొమ్ము చెల్లించేది. 1956లో రాష్ట్రాలను పునర్విభజించినప్పుడు, కేరళ ప్రభుత్వం ఏటా 46 లక్షల 50 వేలు, కన్యాకుమారి ప్రాంతపు ఆలయాల నిమిత్తం తమిళనాడు 13 లక్షల 50 వేలు చెల్లించవలెనని రాజ్యాంగంలో వ్రాసినారు. శాసనసభ ఓటు కూడ అక్కరలేదు. ఎంత భద్రమైన ఏర్పాటు! కాని అంకె నేటికీ అదే. 1956లో 46 లక్షలతో ఎన్ని గోపురాలు బాగుచేయవచ్చునో, నేడు ఎన్ని చేయవచ్చునో మన తాపీ మేస్త్రీలను అడిగితే చెప్తారు. తగ్గించడానికి వీలులేని సొమ్మును ధరలే తగ్గించివేసినవి.

ఇప్పుడు ఇంగ్లండు సంగతి కొంచెం విస్తరించి చెప్పవలెను. మన పాత ఆలయాలు అనేకం అక్కడినుండి వచ్చిన మిషనెరీలు గీసిన పటాలమీద కట్టినవి. నేడు ఆ పటాలకు మూలమైన ఆలయాలే అక్కడ చిక్కులో ఉన్నవి. ఇంగ్లండులో మొదటి శ్రేణి వారసత్వ కట్టడాలుగా నమోదైన వాటిలో దాదాపు సగం ఆరాధన మందిరాలే. వాటిని మరమ్మతు చేయించితే బిల్లుమీద 20 శాతం వ్యాట్ పడుతుంది. ముసలివాళ్ళు పదిమంది కూర్చొనే పల్లె చర్చి కూడ సీసపు రేకు మార్చుకొన్నందుకు ఆ పన్ను కట్టవలసినదే. 2001లో అక్కడి ప్రభుత్వం ఒక పథకం పెట్టినది. వారసత్వ జాబితాలో ఉన్న ఆరాధన మందిరం, ఏ మతానిదైనను సరే, మరమ్మతు చేయించి బిల్లు చూపితే కట్టిన వ్యాట్ తిరిగి ఇచ్చేవారు. ఎక్కువ ఫారాలు లేవు, పోటీ లేదు. ఏడాదికి 4 కోట్ల 20 లక్షల పౌనుల వరకు దానికి కేటాయింపు ఉండేది.

2025లో ఆ హద్దులు మార్చినారు. మొత్తం కేటాయింపును 2 కోట్ల 30 లక్షల పౌనులకు తగ్గించి, ఒక్కొక్క మందిరానికి ఏడాదికి 25,000 పౌనులకు మించి ఇయ్యరాదని క్రొత్త నియమం పెట్టి, ఒక్క ఏడాదికే, 2026 మార్చి చివరి వరకే పథకాన్ని పొడిగించినారు. దరఖాస్తులలో ఎక్కువ భాగం చిన్న మొత్తాలవే గనుక చాలా సంఘాలకు నష్టం లేదని ప్రభుత్వం చెప్పినది. లెక్క చూస్తే అది అబద్ధం కాదు. లక్షా ఇరవై అయిదు వేల పౌనుల పనిమీద పన్ను సరిగ్గా 25,000. అంతవరకు చేయించుకొనేవారికి పూర్తిగా తిరిగి వచ్చేది. కాని అయిదు లక్షల పౌనులతో గోపురం బాగుచేయించే సంఘం సంగతి ఏమి? పన్ను లక్ష పౌనులు. తిరిగి వచ్చునది 25,000. మిగిలిన 75,000 ఎవరు తేవలెను? వాళ్ళు పరంజా కట్టినప్పుడు ఈ నియమం లేదు. పని సగంలో ఉండగా నియమం వచ్చినది.

హద్దు పెట్టుటను నేను తప్పుపట్టను. హద్దు లేకపోతే పెద్ద కెథడ్రలులు ముందుగా వచ్చి గంప ఖాళీ చేసి పోతాయి. చిన్న సంఘం కార్యదర్శి ఫారం నింపేసరికి సొమ్ము అయిపోతుంది. ఒక్కొక్కరికి కొంతవరకే అన్నప్పుడు చిన్నవారికి వంతు దొరుకుతుంది. నేను తప్పుపట్టేది రెండు సంగతులు. పని ఆరంభించినవారి మీద మధ్యలో హద్దు వేయుట ఒకటి. ఏడాదికొకసారి మాత్రమే పొడిగించుట మరియొకటి. ఆలయపు కప్పు పనికి పటం గీయించి, అనుమతి తెచ్చి, చందాలు వసూలు చేయడానికే మూడేండ్లు పడుతుంది. వచ్చే ఏడాది పథకం ఉండునో ఉండదో తెలియనప్పుడు ఏ కమిటీ ధైర్యం చేస్తుంది?

ఫ్రాన్సులో వేరే పద్ధతి. 1905 చట్టంవల్ల అంతకు ముందు కట్టిన పల్లె చర్చిలు ఊరి పురపాలక సంస్థల సొత్తు, కెథడ్రలులు ప్రభుత్వపు సొత్తు. సంఘం ఉచితంగా ఆరాధించుకొంటుంది. 2019 ఏప్రిల్ 15న నోత్రదామ్ కాలిపోయినప్పుడు లోకమంతటినుండి చందాలు వచ్చి 2024 డిసెంబరులో తిరిగి తెరువబడినది. చిన్న ఊరి చర్చికి అట్టి ఆదరణ లేదు. అందుకని 2023లో పదివేల జనాభాకు లోపు ఊళ్ళలోని మందిరాల నిమిత్తం చందా ఇచ్చేవారికి వెయ్యి యూరోల వరకు 75 శాతం పన్ను రాయితీ ప్రకటించినారు. అక్కడ హద్దు ఇచ్చేవాని మీద పెట్టినారు, పుచ్చుకొనేవాని మీద కాదు.

మన దేశంలో రాజ్యాంగపు 27వ అధికరణం ముందు నిలుస్తుంది. ఏ ఒక్క మతాన్ని పోషించుటకై పన్ను వసూలు చేయరాదు. 2011లో హజ్ యాత్ర సబ్సిడీ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు దీనిని వివరించినది. పన్నుల రాబడిలో గణనీయమైన భాగం ఒక మతానికి పోతే తప్పు, స్వల్ప భాగమైతే తప్పు కాదు. 2017లో గుజరాత్ వ్యాజ్యం వచ్చినది. 2002 అల్లర్లలో పాడైన ఆరాధన స్థలాలకు పూర్తి పరిహారం ఇయ్యవలెనని హైకోర్టు చెప్పగా, సుప్రీంకోర్టు దానిని త్రోసివేసి, ఇండ్లకు ఇచ్చినట్లే 50,000 రూపాయలకు మించకుండా ఇచ్చెదమన్న ప్రభుత్వ పథకాన్ని సమ్మతించినది. కాలిపోయిన మందిరాన్ని 50,000తో ఎవరు కట్టగలరు అన్నది వేరే ప్రశ్న. హద్దు పెట్టే అధికారం ప్రభుత్వానికి ఉన్నదని మాత్రం స్థిరపడినది.

గనుక మనం అడిగేది క్రైస్తవులకు మాత్రమే కాకూడదు. ఊరి రామాలయం, దర్గా, గురుద్వారా, చర్చి, నూరేండ్లు దాటినదేదైనను ఒకే నియమం కింద ఉండవలెను. దీనికి మన దేశంలో ఒక పూర్వోదాహరణ కూడ ఉన్నది. చాలామందికి తెలియదు. 2018లో సాంస్కృతిక మంత్రిత్వ శాఖ సేవా భోజ్ యోజన అను పథకం పెట్టినది. నెలకు కనీసం 5,000 మందికి ఉచితంగా భోజనం పెట్టే దేవాలయం, గురుద్వారా, మసీదు, చర్చి, ఆశ్రమం, ఏదైనను నెయ్యి, నూనె, పంచదార, బియ్యం, పిండి, పప్పులమీద కట్టిన జి.ఎస్.టి.లో కేంద్రపు వంతు తిరిగి ఇస్తారు. మొదటి రెండేండ్లకు 325 కోట్లు కేటాయించినారు. బియ్యం మీద పన్ను తిరిగి ఇయ్యగలిగిన మంత్రిత్వ శాఖ బంగాళా పెంకు మీద, టేకు దూలం మీద, సున్నం మీద ఎందుకు ఇయ్యలేదు? అన్నం పెట్టుట సేవయే, కాదనను. కాని సంస్కృతి పేరుగల శాఖకు కట్టడం అన్నముకన్న దూరపు చుట్టం కాదు గదా.

లెక్క వేసి చూతాము. ఒక గ్రామ సంఘం ఆరు లక్షల మరమ్మతు పనిని రిజిస్టరైన కాంట్రాక్టరుకు ఇచ్చినదనుకొనండి. 18 శాతం చొప్పున పన్ను 1,08,000. అందులో కేంద్రపు వంతు సగం, 54,000. అది తిరిగి వస్తే ఒక ప్రక్క కప్పుకు పెంకులు వస్తాయి. ఒక్కొక్క మందిరానికి ఏడాదికి 50,000 అని హద్దు పెట్టి, వెయ్యి పాత మందిరాలకు ఇచ్చినా అయ్యేది అయిదు కోట్లు. ఆ శాఖ కేటాయింపులో వంద రూపాయలకు పదిహేను పైసలు. మరి అయిదేండ్లకొకసారి ఏర్పడే ఆర్థిక సంఘంతోపాటు ఆ హద్దును ధరలనుబట్టి సవరించవలెను. లేకపోతే తిరువాన్కూరు 46 లక్షల గతియే దానికీ పట్టును. మెదక్ వంటి పెద్ద కట్టడాలకు వేరే పద్దు ఉండవలెను. వాటిని చిన్నవాటితో ఒకే వరుసలో నిలబెట్టరాదు.

మెదక్ అన్నాను గనుక ఒక మాట. 175 అడుగుల గోపురం, అయిదువేల మంది కూర్చొనగల ఆలయం, ఫ్రాంక్ సాలిస్‌బరీ రచించిన రంగుటద్దాల కిటికీలు, వీటిని చూచి అందరు మెచ్చుకొంటారు. కాని రెవరెండ్ పాస్నెట్ గారు దానిని కరువు కాలపు పనిగా ఆరంభించినారు. కూలికి బదులు తిండిగింజలు ఇచ్చినారు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగినది. ఆ గోడలలో ఉన్నది సీమ సొమ్ము మాత్రమే కాదు, ఆకలితో రాళ్ళు మోసిన మన తాతల చెమట. వారసత్వం అను మాటకు నాకు తెలిసిన అర్థం అదే. డోర్నకల్‌లో అజరయ్య అధ్యక్షులు 1939లో ప్రతిష్ఠించిన ఎపిఫనీ కెథడ్రలు కూడ అట్టిదే. గుమ్మటాలు, మినారులు, గుడి స్తంభాలు ఒకచోట చేర్చి, ఈ దేశపు ఆలయం ఈ దేశపు రూపంలో ఉండవలెనని వారు పాతికేండ్లు శ్రమపడి కట్టించినారు. ఆ దూరదృష్టి దేశపు సొత్తు కాదని ఎవరు చెప్పగలరు?

ఇక ప్రతిమాట వినవలెను. సంఘ పెద్దలలో కొందరు అంటారు, ప్రభుత్వపు సొమ్ము లోపలికి వస్తే దాని వెనుక ప్రభుత్వం కూడ లోపలికి వస్తుందని. ఇది కొట్టిపారవేయదగిన మాట కాదు. కొచ్చిలోని సెయింట్ ఫ్రాన్సిస్ ఆలయం మన దక్షిణ ఇండియా సంఘానిదే. పోర్చుగీసువారు కట్టినది, డచ్చివారు, ఇంగ్లీషువారు వరుసగా వాడుకొన్నది, 1524లో వాస్కో డ గామాను పాతిపెట్టిన చోటు. అది 1923 నుండి రక్షిత కట్టడం. ఆరాధన జరుగుచున్నది. కాని కట్టడం రక్షితమైనదంటే, 2010 చట్ట సవరణ ప్రకారం చుట్టూ 100 మీటర్లలో క్రొత్త నిర్మాణం నిషిద్ధం, ఆపైన మరి 200 మీటర్లు అనుమతితోనే. మన ఆలయపు ఆవరణలో బడి, హాస్టలు, గురువుగారి ఇల్లు, సమాధుల తోట అన్నీ వంద మీటర్లలోనే ఉంటాయి. మరుగుదొడ్డి కట్టవలెనన్నను ఢిల్లీ దాక వ్రాయవలసి వస్తుంది. గనుక ప్రతి పాత ఆలయాన్ని రక్షిత కట్టడం చేయించుదమన్నవారితో నేను ఏకీభవించను. పన్ను తిరిగి పుచ్చుకొనుట వేరు, తాళపుచెవి అప్పగించుట వేరు.

రెండవ అడ్డు మరింత బాధాకరమైనది. సహాయం కోరితే భూమి కాగితం అడుగుతారు. పట్టణాలలో చాలా ఆస్తులు సి.ఎస్.ఐ. ట్రస్టు అసోసియేషను పేర ఉన్నవి. పల్లెలలో అట్లు కాదు. ఎవరో పెద్దమనిషి నోటిమాటతో ఇచ్చిన స్థలంలో తాతలు మట్టి మోసి కట్టుకొన్న ప్రార్థన మందిరాలు ఎన్నో. కాగితం లేదు. కాగితం ఉన్నా, దరఖాస్తు క్రింద సంఘ సభ్యుల పేర్లు వ్రాయవలెనంటే చేయి వణుకుతుంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులపు హోదా హిందువులకు, 1956 తరువాత సిక్కులకు, 1990 తరువాత బౌద్ధులకు ఉన్నది, క్రైస్తవుడైన వానికి లేదు. పెంకుల కోసం పేరు వ్రాసి పిల్లవాని చదువు పోగొట్టుకొందునా అని ఒక తండ్రి ఆలోచించితే అతనిని పిరికివాడని నేను అనను. పథకానికి హద్దు ఎంతయో నిర్ణయించేవారు ఈ భయాన్ని కూడ లెక్కలో వేయవలెను. అందుకే సభ్యుల జాబితా అడగకుండ, కట్టడాన్ని చూచి, బిల్లును చూచి ఇచ్చే పద్ధతి మేలు అంటున్నాను.

మన ఇంటి సంగతి కూడ చెప్పవలెను. ప్రభుత్వం ఇచ్చేది తక్కువని చెప్పే మనమే పాత ఆలయాన్ని పడగొట్టి స్లాబు వేయుటకు లక్షలు పోగుచేయుచున్నాము. గానుగ సున్నంతో, కరక్కాయ బెల్లపు నీటితో కట్టిన గోడకు సిమెంటు గిలాబా చేయించి, లోపలి చెమ్మ బయటికి పోక గోడ ఉబ్బితే, గోడ పాతబడినదని తీర్మానం వ్రాయుచున్నాము. గోడకు వచ్చిన జబ్బు ముసలితనం కాదు, మనం వేసిన పట్టు. సున్నపు పని తెలిసిన మేస్త్రీలు నానాటికి తగ్గిపోవుచున్నారు. వారితో మన యువకులు నలుగురైదుగురు పనిచేసి నేర్చుకొనకపోతే, రేపు ఢిల్లీ నుండి సొమ్ము వచ్చినా దానిని సరిగా ఖర్చుపెట్టే చేయి ఉండదు.

యోవాషు రాజు కాలంలో యాజకులు మందిరపు సొమ్ము వసూలు చేసియు, ఇరువది మూడవ ఏటి వరకు మరమ్మతు చేయలేదని రెండవ రాజుల గ్రంథం చెప్పుచున్నది. అప్పుడు బలిపీఠం ప్రక్కన మూతకు బెజ్జం పెట్టిన పెట్టె వచ్చినది. రాజు లేఖికుడు, ప్రధాన యాజకుడు ఇద్దరు కలిసి లెక్కపెట్టి వడ్లవారికి, కాసెవారికి ఇచ్చినారు. ఆ సొమ్ముతో వెండి గిన్నెలు చేయించలేదు. రాజుగారి గుమాస్తా, మందిరపు పెద్ద ఒకే పెట్టె దగ్గర కూర్చొనుట నాకు నచ్చిన దృశ్యం. మన పాస్టరేటులలో పిడికెడు బియ్యం కానుకనుండి ఒక భాగం మరమ్మతు పద్దుకని విడిగా ఉంచి, పండుగ ఖర్చుకు ముట్టకుండా చూడగలిగితే, ప్రభుత్వం ముందు మన వంతు ఇదిగో అని చూపుటకు ఒక పుస్తకం ఉంటుంది.

గనుక పాస్టరేటు కమిటీలకు నా మనవి. డయాసిస్ కౌన్సిలు రాబోయే సమావేశానికి ముందు మీ పాత ఆలయపు కొలతలు, నాలుగు వైపుల ఫోటోలు, భూమి కాగితం నకలు ఉంటే అది, లేకపోతే లేదన్న మాట, ఇటీవలి మరమ్మతుల బిల్లులు, వాటిమీద కట్టిన పన్ను ఎంతయో ఒక కాగితం మీద వ్రాసి కార్యాలయానికి పంపండి. అన్నీ కూడితేనే మంత్రిత్వ శాఖకు పంపే మనవిలో వ్రాయడానికి ఒక అంకె దొరుకుతుంది. అట్లే తొలకరికి ముందు ఎవరినైనా కప్పు మీదికి ఎక్కించి, నీటి తూములలోని ఎండుటాకులు తీయించండి. దానికి ఏ ప్రభుత్వపు అనుమతి అక్కరలేదు.